ఊళ పెట్టని యాంప్

తలుపులో ఇరుక్కున్నది మనిషా, సామానా అన్నది వెంటనే తేలలేదు.

బయట వాన దంచి కొడుతోంది. వాద్యాల షాపు తలుపు ఒక రెక్క తెరుచుకుంది. మనిషి కంటే ఎత్తున్న నల్లటి సంచీ ఒకటి లోపలికి తల పెట్టి, నడుం దగ్గర ఆగిపోయింది. దాని వెనక నుంచి ఒక ఆడగొంతు, లోపల ఎవరైనా ఉన్నారా, అందరూ వానకి కొట్టుకుపోయారా అని అడిగింది.

లోపల ఒకడున్నాడు. మూల బల్ల దగ్గర సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని, ఎవరో మహానుభావుడు టీ ఒలకబోసి తెచ్చిన స్పీకరు ముందు కూర్చున్నాడు. ఆ టీ సంగతి చూశాక అతనికి మనుషుల మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది. సరిగ్గా అప్పుడు ఈ గొంతు.

"రెండో రెక్క కూడా తీయొచ్చు కదండీ."

"గడియ పైనుంది. మీరు కాస్త వెనక్కి జరిగితే తీస్తాను."

"వెనక్కి జరిగితే ఇది తడుస్తుంది."

"జరక్కపోతే గడియ అందదు."

"మరి గడియ అక్కడ పెట్టిన తెలివైనవాళ్ళెవరో?"

పెట్టింది అతనే. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. స్టూలెక్కి, సంచీ మీదుగా వంగి, చొక్కా సగం తడుపుకుని గడియ లాగాడు. సంచీ ఒక్కసారిగా లోపలికొచ్చి గిటార్ల వరస మీద వాలింది. గిటార్లన్నీ ఒకేసారి మూలిగాయి. దాని వెనకే అమ్మాయి వచ్చింది. భుజాన ఇంకో సంచీ, జుట్టు నుంచి కారుతున్న నీళ్ళు, మోచేతుల దాకా వానకి తడిసి ముద్దైన తెల్లటి పొడి.

అతన్ని ఇంట్లోనూ షాపులోనూ కూడా చిటపట అంటారు. ఆ పేరు పెట్టింది అక్క. షాపు అక్కా బావలది. బావ సరుకు కోసం ఊళ్ళు తిరుగుతాడు, అక్క కౌంటర్లో కూర్చుని అమ్ముతుంది, తమ్ముడు రిపేర్లు చేస్తూ ఆ అమ్మకాలు చెడగొడతాడు. ఈ చివరిది అక్క మాటే, అందులో అబద్ధమేమీ లేదు.

అమ్మాయి స్టూలు మీద కూలబడి, ఊపిరి కూడా తీసుకోకుండా తనకి కావలసింది చెప్పింది. పగలు ఆమె పని పళ్ళ ల్యాబులో. కట్టుడు పళ్ళు చేస్తుంది, ఆ తెల్లటిది అచ్చుల పొడి. శనివారం సాయంత్రాలు ఒక మేడ మీది హోటల్లో ముగ్గురు కలిసి సంగీతం వాయిస్తారు. ఒకరు పియానో, ఒకరు డ్రమ్ము, ఈమె అడుగు స్వరాలు పలికే బేస్. నెమ్మది పాటలకి ఆ మనిషంత ఎత్తున్న డబుల్ బేస్, నిలబెట్టి వాయించేది. హుషారు పాటలకి బేస్ గిటార్. రెండింటికీ కలిపి, శబ్దం పెంచే యాంప్ ఒకటే కావాలి. అది చిన్నదై ఉండాలి, ఎందుకంటే పియానోకీ స్తంభానికీ మధ్య స్టూలు పట్టేంత చోటే ఉంది. తేలిగ్గా ఉండాలి, ఎందుకంటే హోటలు మెట్లు గుండ్రంగా తిరుగుతాయి, సామానంతా ఆమే ఎక్కించుకోవాలి.

పియానో ఆయన సాయం పట్టడా అని అతను అడిగాడు. ఆయన తన వేళ్ళు జాగ్రత్తగా చూసుకుంటాడని ఆమె చెప్పింది. లోకంలో వేళ్ళు కొందరికే ఉంటాయి.

అసలు సంగతి ఇంకా ఉంది. డబుల్ బేస్ లోపలంతా డొల్ల. యాంప్ లోంచి వచ్చిన శబ్దం ఆ డొల్లలోకి దూరి, చెక్కని వణికించి, మళ్ళీ తీగల కింద శబ్దాన్ని పట్టుకునే పికప్ లోకెక్కి, మళ్ళీ యాంప్ లోంచే బయటికొస్తుంది. అలా గిరగిరా తిరిగి తిరిగి చివరికి ఊళ పెడుతుంది. పోయిన శనివారం పాత యాంపుతో అదే జరిగింది. హోటలు ఓనరు వచ్చి, బేస్ లేకపోతే ఏమవుతుందని పియానో ఆయన్ని అడిగాడు. ఏమీ కాదని, ఎడమచేత్తో ఆ స్వరాలు తనే వాయించేస్తానని ఆయన చెప్పాడు.

"అంటే?" అన్నాడు చిటపట.

"అంటే ఇంకోసారి అది అరిస్తే నేను ఇంట్లో కూర్చోవడమే. వేరే చోట నాకు వాయించడానికి లేదు. బేస్ వాయించేవాళ్ళని ఎవరూ వెతుక్కుంటూ రారు."

చిన్నదీ, తేలికదీ, రెంటికీ సరిపోయేదీ, ఊళ పెట్టనిదీ. ఇవన్నీ ఒకే డబ్బాలోనా అని అతను అడిగాడు. ఒకే డబ్బాలోనే అంది. అలాంటిది లేదన్నాడు. వెతకలేదు కదా అంది. వెతక్కుండానే తెలుసన్నాడు. కౌంటరు దగ్గర అక్క గట్టిగా గొంతు సవరించుకుంది. ఆ సవరింపుకి అర్థం, కొనడానికొచ్చిన మనిషిని తరిమితే సాయంత్రం నీ సంగతి చెబుతానని.

అలా మొదలైంది.

ల్యాబు మూశాక సాయంత్రాలు ఆమె వచ్చేది. శనివారాలు మాత్రం యాంప్ దొరికేదాకా గిటారు ఒక్కదానితోనే నెట్టుకొచ్చేది. వచ్చిన ప్రతిసారీ అదే తంతు. అల్మరా మీంచి యాంప్ దించడం, వైరు పెట్టడం, సంచీ విప్పడం. షాపేమో సందు లాంటిది. ఒక పక్క గిటార్లు, ఒక పక్క డ్రమ్ములు. ఆ పెద్ద వాయిద్యం కొంచెం కదిలితే చాలు, వెనక వీపు పోయి ఏదో ఒక గిటారుని పొడిచేది. రెండు గిటార్లకి రంగు లేచాక, చిటపట పక్కన నిలబడి తనే దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ అరచెయ్యి దాని పొట్ట మీద ఆనించి, కుడిచేత్తో యాంప్ నాబులు తిప్పుతూ ఉండేవాడు. ఆమె వాయించేది. ఇద్దరూ వినేవాళ్ళు. తర్వాత ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు.

ఎర్రటి చిన్న డబ్బా ఒకటుంది, ముద్దుగా ఉంటుంది. ఆమె చూడగానే దానికి పడిపోయింది. అతను ఒప్పుకోలేదు. గిటారుకి బాగుంది కానీ పెద్దబేసుకి జలుబు చేసినట్టుందన్నాడు. ఇంకొకటి పెట్టారు. పెద్దబేసు నిండుగా పలికింది, గిటారు దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టు వచ్చింది. మూడోది రెంటికీ బాగుంది కానీ మోయాలంటే పియానో ఆయన కూడా వేళ్ళు పక్కన పెట్టి రావాలి. ఆమె ఒకటి నచ్చిందంటే అతను వద్దనేవాడు. అతను ఒకటి చూపిస్తే ఆమె మొహం చిట్లించేది. ఫోన్లో ఎవరో ఒక డబ్బాని పొగిడారని ఒకరోజు వీడియో పెట్టి చూపించింది. ఆ పొగిడేవాడికి ఆ డబ్బా ఊరికే వచ్చింది, మేడ మీదికి మోసే బాధ కూడా లేదు అన్నాడు అతను. ఆ రోజు ఆమె టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

అక్కకి ఒళ్ళు మండిపోయేది. కొంటానన్న మనిషికి వద్దని చెప్పే అమ్మకందారుని ఎక్కడైనా చూశారా అని, వచ్చిన వాళ్ళందరి ముందూ అడిగేది. నువ్వు నా తమ్ముడివా, పక్క వీధి షాపు వాళ్ళు పంపిన మనిషివా అని నిలదీసేది.

అతనికీ చిరాగ్గానే ఉండేది. ఆమె మొండితనం చిరాకు. వెంట్రుకంత తేడా కూడా ఒప్పుకోకపోవడం చిరాకు. పన్ను కొరుకులో ఆపాటి తేడా ఉంటే ముసలాయన అన్నం తినలేడు, మర్నాడు నా దగ్గరికే వస్తాడు అనేది. అందరి పళ్ళూ సరిచేసే మనిషికి ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంది. మీదెందుకు సరిచేసుకోలేదని ఒకసారి అడిగాడు. ఇది చేసింది కాదు, నాది అని చెప్పి నవ్వింది. నవ్వినప్పుడు ఆ పన్ను ముందుగా కనబడుతుంది. అది కూడా చిరాకే.

అన్నింటికన్నా పెద్ద చిరాకు ఆమె రాని సాయంత్రాలు. ఆ రోజుల్లో బావ పాపం ఏ ప్రశ్న అడిగినా తిట్లు తినేవాడు. అలాంటి ఒక రోజునే తలుపు రెండో రెక్క గడియని పైనుంచి పీకి కిందికి మార్చాడు. ఎందుకురా అని అక్క అడిగితే తుప్పు పట్టిందన్నాడు. అక్క ఆ గడియ వైపూ తమ్ముడి వైపూ మార్చి మార్చి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో చాలా పెద్ద విషయం.

చివరికి ఒక బూడిదరంగు డబ్బా దగ్గర ఇద్దరికీ కుదిరింది. చేతిసంచీ అంత ఉంది, వేలికి తగిలించుకుని పోవచ్చు. రెండు బేసులకీ ముచ్చటగా పలికింది. పెద్దదాని లావు తీగ మీద ఆమె కమాను గీసి చాలాసేపు అలాగే ఉంచింది. కళ్ళు మూసుకుంది. ఊళ లేదు. అతని అరచేతి కింద చెక్క పిల్లిలా గురగురలాడింది. ఇదేనండీ అన్నాడు. ఇదే అంది ఆమె కూడా. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. అందుకే వెంటనే అనుమానం రావలసింది. రాలేదు.

శనివారం పోయి సోమవారం వచ్చింది. ఆమె కూడా వచ్చింది. రెండు రెక్కలూ తెరిచే ఉన్నా, రెండూ గోడకి కొట్టుకునేలా తోసుకుని వచ్చింది. బూడిదరంగు డబ్బా తెచ్చి అతని బల్ల మీద, సరిగ్గా విప్పిన స్పీకరు మధ్యలో పెట్టింది.

"అరిచింది," అంది.

అది అరవదన్నాడు. అరిచిందంది. మొదటి పాటే నెమ్మది పాట. లావు తీగ ముట్టుకోగానే ఓడ కూత పెట్టినట్టు కూసింది. కిటికీ దగ్గర తింటున్న ముసలి దంపతులు చెంచాలు వదిలేశారు. ఆమె వాల్యూమ్ తగ్గించింది, డబ్బా ఇటు తిప్పింది, అటు తిప్పింది. పియానో ఆయన ఎడమచేత్తో మొదలుపెట్టనే పెట్టాడు. ఓనరు వచ్చి, వచ్చే శనివారం ఒక్కటి చూస్తాను, ఆ తర్వాత ఇద్దరు చాలు అని చెప్పి వెళ్ళాడు.

"మీరు సౌండు ఎక్కువ పెట్టుంటారు," అన్నాడు చిటపట.

"ఇక్కడ పెట్టినంతే పెట్టాను."

"అయితే అరవదు. పెట్టి చూపిస్తాను."

పెట్టాడు. ఆమె సంచీ విప్పింది, అతను అలవాటుగా వచ్చి పక్కన నిలబడి పట్టుకున్నాడు, ఆమె కమాను గీసింది. ఊళ లేదు. ఇంకా సౌండు పెంచాడు. లేదు. అప్పుడతను మొహం పెట్టాడు చూడండి, గెలిచినవాడి మొహం. ఆ మొహం పెట్టినవాణ్ణి ఏ ఆడదీ అంత తేలిగ్గా క్షమించదు.

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?" ఆమె గొంతు తగ్గింది. తగ్గినప్పుడే భయం. "నా చోటు పోయేలా ఉంది, నువ్వు నవ్వుతున్నావా? నీకేం, ఇది కాకపోతే ఇంకో డబ్బా అమ్ముకుంటావు. నాకు ఇంకో చోటు లేదని మొదటి రోజే చెప్పాను."

మీరు కాస్తా నువ్వు అయిందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు. కోపంలో వచ్చినా సరే, ఆ మాట చెవిలో అలాగే ఉండిపోయింది. 

ఇంతలో హార్మోనియం పెట్టె కొనడానికి ఒకాయన వచ్చాడు, అక్క కేకేసింది. అటక మీంచి పెట్టె దించమని. ఇప్పుడా అన్నాడు. ఇప్పుడే, ఆయన వెళ్ళిపోవాలట అంది. అతను చెయ్యి తీసి కౌంటరు వైపు నడిచాడు. ఆమె కోపం ఆపుకోలేక మళ్ళీ అదే తీగ గీసింది.

షాపంతా కూత పెట్టింది. డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళాలు గలగలమన్నాయి. పెట్టె కోసం వచ్చిన ఆయన చెవులు మూసుకున్నాడు. చిటపట పరుగున వెనక్కొచ్చి వాయిద్యాన్ని పట్టుకున్నాడు. కూత ఆగింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ అక్క దగ్గరికి రెండడుగులు వేశాడు. మళ్ళీ కూత. మళ్ళీ పరుగు. మళ్ళీ నిశ్శబ్దం.

అక్క కౌంటరు మీద మోచేతులు ఆనించి ఇదంతా చూస్తోంది.

"నువ్వు వెళ్తే ఏడుస్తోంది, వస్తే ఊరుకుంటోంది," అంది. "చంటిపిల్లా అది?"

ఇద్దరూ ఒకేసారి అతని చేతి వైపు చూశారు. అరచెయ్యి మొత్తం ఆ చెక్క పొట్ట మీద, ఎప్పటిలాగే, తీరిగ్గా ఆని ఉంది.

ఏ చెక్క వణికితే ఊళ వస్తుందో ఆ చెక్కనే ఇన్ని సాయంత్రాలూ అతను నొక్కి పట్టుకున్నాడు. గిటార్లకి దెబ్బ తగలకుండా చూసుకున్నాడు కానీ, పరీక్ష మొత్తం నాశనం చేశాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు విన్నది యాంపుల్ని కాదు, అతని అరచేతిని. హోటల్లో ఆ చెయ్యి లేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. నవ్వుతుందో ఏడుస్తుందో తెలియని ఒక శబ్దం చేసింది. అతను చెయ్యి తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వద్దని పక్కన పెట్టినవన్నీ ఎందుకు వద్దన్నాడో, బాగుందన్నది ఎందుకు బాగుందో, ఇక ఏదీ లెక్కలోకి రాదు. మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంత చిరాకు అతనికి జీవితంలో ఎప్పుడూ రాలేదు, అదీ తన మీద తనకే.

"క్షమించండి," అన్నాడు. ఆ మాట ఆ షాపులో అతని నోట విన్నవాళ్ళు లేరు. అక్క ఆశ్చర్యంగా తలెత్తింది.

"తర్వాత క్షమిస్తాను. ముందు దించు అన్నీ," అంది ఆమె.

మళ్ళీ అన్నీ దిగాయి. ఈసారి అక్క గిటార్లన్నీ తీసి గోడవారగా పేర్చింది, తమ్ముణ్ణి కౌంటరు వెనక కూర్చోబెట్టి కదలొద్దంది. నాబులు ఆమే తిప్పుకుంది. ముద్దుగా ఉన్న ఎర్రడబ్బా అన్నింటికన్నా ముందు కూత పెట్టింది. అది అరిచినప్పుడల్లా అతని చెయ్యి దానంతటదే లేచేది, అక్క స్కేలుతో బల్ల మీద కొట్టేది. ఒకటి తర్వాత ఒకటి అన్నీ బయటపడ్డాయి.

చివర్లో ఒక నల్లడబ్బా మిగిలింది. దానికి వైరు పెట్టే రంధ్రాలు రెండు, ఒక్కో బేసుకి ఒక్కోటి, దేని నాబులు దానివే. పెద్దబేసు వైపు అడుగు స్వరాల గరగరని కోసేసే నాబు ఒకటీ, శబ్దాన్ని తిరగేసి పంపే స్విచ్చు ఒకటీ ఉన్నాయి. మొదట్లోనే దాన్ని చూశారు. అప్పుడు చెయ్యి ఆని ఉండడంతో ఏదీ అరవలేదు కాబట్టి, ఆ స్విచ్చు దండగ, బరువు దండగ అని తీసి పక్కన పెట్టారు. ఇప్పుడామె లావు తీగ గీసింది. సన్నగా ఊళ మొదలైంది. స్విచ్చు తిప్పింది. ఊళ సగం చచ్చింది. నాబు కొంచెం తిప్పింది. మిగతా సగం కూడా పోయింది. ఆమె గీస్తూనే ఉంది. కౌంటరు వెనక అతని చెయ్యి ఈసారి లేవలేదు.

గిటారు పెట్టి చూస్తే మాత్రం గొంతు కొంచెం బక్కగా ఉంది. ఆమె పెదవి కొరుక్కుంది. అతను ఈసారి దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎంత తిప్పినా ఆ గిటారు లావెక్కదు, ఈ బరువు కూడా తగ్గదు, అన్నీ ఉన్న డబ్బా ఎవరూ చెయ్యలేదు. కానీ ఇది నిన్ను ఇంట్లో కూర్చోబెట్టదు అన్నాడు. నిన్ను అని నోరు జారింది. ఆమె వినబడనట్టే ఉండి, డబ్బా ఎత్తి తూచి చూసింది. దాన్ని పట్టుకుని అటక మెట్లు ఎక్కి దిగింది. రొప్పుతూ వచ్చి, తీసుకుంటానంది.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగింది. "ఇది మోయడం నా వల్ల అవుతుంది కానీ, మూడూ కలిపి రెండుసార్లు ఎక్కి దిగాలి. శనివారం నువ్వేమైనా అటు వస్తావా?"

ఇలాంటప్పుడు తెలివైనవాడైతే ఏమంటాడో ఎవరికైనా తెలుసు. చిటపటకి తప్ప.

"శనివారం నాకు పనుంటుంది," అన్నాడు.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. అతను తిరిగి టీ తాగిన స్పీకరు దగ్గర కూర్చున్నాడు. దానిలోకి చూస్తున్నాడు కానీ అది కనబడడం లేదు. యాంప్ దొరికిన మనిషికి ఇక ఈ షాపుతో పనేముంది. ఎర్రడబ్బానో బూడిద డబ్బానో అంటగట్టి ఉంటే వారం వారం వచ్చి తిట్టేది కదా అన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చిపోయింది. వచ్చినందుకు తనని తనే తిట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం దాకా అక్క ఓపిక పట్టింది. బావ కూడా ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు. మూడుసార్లు ఒకే వైరుని ఒకే చోట అతికిస్తున్న తమ్ముణ్ణి చూసి, చివరికి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేసింది.

"ఒరేయ్, నీకీ వేళ పనేమీ లేదు. నేను చెబుతున్నాను, షాపు నాది. చొక్కా మార్చుకుని వెళ్ళు."

వెళ్ళి ఏం చెప్పాలని అడిగాడు. అది కూడా నేనే చెప్పాలా అని అక్క బావ వైపు తిరిగింది. చెప్పడానికి మాటలు రాక నేను కూడా మీ అక్క చుట్టూ చాలాకాలం తిరిగాను, చివరికి ఆవిడే చెప్పింది, నాకేమీ నష్టం రాలేదు అన్నాడు బావ. నష్టం సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం అంది అక్క.

హోటలు మెట్ల దగ్గరికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమె మొదటి మలుపులోనే ఉంది, పెద్దబేసు గోడకి ఒరిగించి, ఊపిరి తీసుకుంటూ. నల్లడబ్బా కింద మెట్టు మీద ఉంది. అతను డబ్బా ఎత్తుకున్నాడు. పనుందన్నావుగా అంది. అయిపోయిందన్నాడు. ఆమె పెద్దబేసు భుజానికెత్తుకుంది. పైన పియానో ఆయన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ కూర్చుని ఉన్నాడు.

డబ్బాని స్తంభం పక్కన పెట్టి, వైర్లు కలిపి, అతను వాయిద్యం వైపు ఒక్క అడుగు వేశాడో లేదో ఆమె కమాను దారికి అడ్డం పెట్టింది. దూరంగా వంటగది తలుపు చూపించింది. అక్కడికి పో, అక్కడే ఉండు అని దాని అర్థం. వెళ్ళి నిలబడ్డాడు. ఓనరు చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆయన మొహంలో, అరిస్తే బాగుండు, ఒకరి జీతం మిగులుతుంది అన్నట్టుంది.

నెమ్మది పాటే మొదటిది. పియానో నాలుగు చుక్కలు రాల్చింది. డ్రమ్ము మీద చీపురు లాంటి కుంచె గుసగుసలాడింది. అప్పుడామె లావు తీగ మీద కమాను పెట్టింది. ఆ స్వరం నేల మీంచి పాకి, టేబుళ్ళ కాళ్ళ మీంచి, గ్లాసుల్లోని నీళ్ళ మీంచి వచ్చి, వంటగది తలుపుకి ఆనుకున్న అతని వీపులోకి ఎక్కింది. అతని అరచెయ్యి దానంతటదే లేచింది. ఇప్పుడు అరుస్తుంది, ఇదిగో ఇప్పుడే అనుకున్నాడు. ఆమె ఇంకా సాగదీసింది. కావాలనే సాగదీసింది. ఓనరు వైపే చూస్తూ చివరి దాకా లాగి, నెమ్మదిగా వదిలింది.

కిటికీ పక్క టేబుల్ దగ్గర ఎవరో చెంచా తీసుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టారు. అంతే, ఇంకే శబ్దమూ లేదు.

ఓనరు చేతులు విప్పుకుని బిల్లుల సంగతి చూడడానికి వెళ్ళిపోయాడు. ఓనర్లు మెచ్చుకోవడమంటే అదే, తిట్టడానికి రాకపోవడం. హుషారు పాటలో గిటారు కొంచెం బక్కగానే పలికింది. అది తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే. విరామం ఇచ్చినప్పుడు ఓనరు అటుగా పోతూ, వచ్చే శనివారం కొంచెం ముందే రమ్మని ముగ్గురికీ కలిపి చెప్పాడు. ముగ్గురికీ. పియానో ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాఫీ తెప్పించుకున్నాడు.

ఆమె వంటగది తలుపు దగ్గరికొచ్చింది. నుదుటి మీద చెమట, కళ్ళలో వెలుగు, ముందు ఆ వంకర పన్ను.

"పట్టుకునేవాళ్ళు లేకుండానే పలికింది," అంది.

"విన్నాను."

"మరి మొహం అలా ఉందేం?"

 అతనికి అక్క చెప్పమన్న మాటలేవీ గుర్తు రాలేదు. అసలు అక్క ఏమీ చెప్పలేదని కూడా గుర్తు రాలేదు.

"తప్పుది ఇచ్చుంటే మళ్ళీ మళ్ళీ వచ్చేదానివి," అన్నాడు.

"తప్పుది ఇచ్చుంటే నా చోటు పోయేది."

"అందుకే సరైంది ఇచ్చాను."

"ఇచ్చాక?"

"ఇచ్చాక చిరాగ్గా ఉంది. ఆ రోజు నుంచీ ఉంది. నువ్వు షాపుకి రావు కదా ఇక. వచ్చి నా మీద అరవవు కదా. నాకు వేరే ఏ మనిషి అరిచినా పడదు, తెలుసా. నువ్వరిస్తే బాగుంటుంది. ఇలా కాదు చెప్పాల్సింది, నాకు తెలుసు. నాకు వచ్చింది ఇదే."

ఆమె కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. లోపల వంటవాడు ఏదో మూత పడేసి తిట్టుకున్నాడు. ఆ కాసేపట్లో అతను తన మొత్తం జీవితాన్ని తిట్టుకున్నాడు.

"రేపు ఆదివారం," అంది చివరికి. "ల్యాబు లేదు. నీకు షాపు లేదు. నేను ఏదీ మోసుకురాను. నువ్వు కూడా ఏ డబ్బా తేవద్దు, ఏదీ రిపేరు చెయ్యొద్దు. వస్తావా?"

"వస్తాను."

"పనుంటుందనవు కదా?"

అనలేదు.

మర్నాడు వాన వెలిసింది. నది పక్క రోడ్డు ఇంకా తడిగానే ఉంది. ఇద్దరూ ఖాళీ చేతులతో వచ్చారు, వచ్చాక ఆ చేతులతో ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. ఆమె రెండుసార్లు కొంగు సర్దుకుంది. అతను జేబులో పెట్టాడు, తీశాడు. కాస్త దూరం నడిచాక అతనొకటి గమనించాడు. భుజం మీద ఏమీ లేకపోయినా ఆమె ఎడమ పక్కకి ఒరిగే నడుస్తోంది. ఇన్నేళ్ళ బరువు ఒళ్ళు ఇంకా మర్చిపోలేదు.

ఏమిటలా చూస్తున్నావని ఆమె విసుక్కుంది. ఏమీ లేదన్నాడు. వెనక నుంచి చుట్టి వచ్చి ఆమె ఎడమ పక్కన నడవడం మొదలుపెట్టాడు. ఆమె మరికాస్త ఒరిగింది. ఈసారి అడ్డంగా ఒక భుజం దొరికింది.

"నెమ్మదిగా నడు," అంది. "బరువు మోసేవాళ్ళు నడిచినట్టు గబగబా నడుస్తున్నావు."